కల్లు మనది, దుకాణం ఎవరిది?

"తాగడం మన ఆచారం" అని మన యువకులు అంటుంటారు. ఆ మాట ఎంతవరకు నిజమో ఆలోచిద్దాం.

కొత్తల పండుగకు, పెళ్లికి, దినాలకు మనం జీలుగు కల్లు, ఇప్పసారా పంచుకుంటాం. మొదటి చుక్కలు పెద్దల పేరున నేలకు పోస్తాం. పండుగ ముగిస్తే తాగుడూ ముగియాలి. ఆచారంలోనే హద్దు ఉంది.

ఈ కల్లుపై బయటివాడి పెత్తనం పాతదే. రంపలో మన్సబుదారు కల్లు గీతపై చిగురుపన్ను వేశాడు, గుత్తేదారులు పీడించారు. 1879లో మన్యం తిరగబడింది. ఆ మంట మన భద్రాచలం తాలూకా రేకపల్లికీ పాకింది. అక్కడ పోడు పన్ను బాధ కూడా తోడైంది. నాటివారు పోరాడింది తమ చెట్టు మీద తమ హక్కు కోసం. నేటి బెల్టుషాపును ఆ హక్కుతో ముడిపెట్టడం వాళ్లకు అన్యాయం.

మరి దుకాణం ఆదివాసీ చేతికొస్తే సరిపోతుందా? చాలదు. అప్పు రాసే చెయ్యి మనదైనా, తాకట్టుకు పోయేది మన ఇంటి బిందే. పంచేవాడు హద్దు చూస్తాడు. అమ్మేవాడికి హద్దు అంటేనే నష్టం.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారాపై లేచారు. మరుసటి ఏడు అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. మనకు 1996 నాటి పెసా చట్టం ఉంది. మత్తు పదార్థాల అమ్మకాన్ని ఆపే, అదుపుచేసే అధికారం గ్రామసభకు, పంచాయతీకి ఉండాలని అది చెబుతోంది. ఆ సభలో మన ఆడవాళ్లు ముందు మాట్లాడాలి. బిందె తాకట్టు పెట్టిన బాధ వాళ్లకే తెలుసు.