ముహూర్తం ఆగదురా అబ్బాయ్

మొన్న మీ ఇంటికొచ్చినప్పుడు నీ స్టూడియో సంగతులన్నీ చెప్పావు. కొత్త కెమెరా వాయిదాల మీద తీసుకున్నావనీ, వచ్చే మాఘమాసానికి పదకొండు పెళ్ళిళ్ళు ఒప్పుకున్నావనీ, ఇన్‌స్టాగ్రామ్‌లో చూసి హైదరాబాదు నుంచి కూడా ఫోన్లు చేస్తున్నారనీ విని కడుపు నిండింది. "మరి ఫోటోగ్రాఫర్ల సంఘంలో చేరావట్రా?" అంటే మాత్రం నవ్వేశావు. "ఏముంది బాబాయ్, ఆగస్టు 19న డాగురే పటానికి దండ వేసి, పులిహోర తిని, గ్రూప్ ఫోటో దిగడమేగా!" అన్నావు. మీ అమ్మ ముందు వాదన ఎందుకని ఊరుకున్నాను.

పులిహోర మాట నిజమే. దండ మాటా నిజమే. కానీ నలభై ఏళ్ళు కెమెరా భుజాన మోసినవాణ్ణి, నాలుగు మాటలు చెప్పనీ. నచ్చితే పాటించు, లేకపోతే బాబాయ్‌కి చాదస్తం అనుకో.

మన పనికీ మిగతా పనులకూ ఒక తేడా ఉంది. దర్జీ జాకెట్టు చెడగొడితే ఇంకో గుడ్డ తెచ్చి కుట్టిస్తాడు. వడ్రంగి పెట్టిన తలుపు బిగుసుకుంటే మళ్ళీ వచ్చి చిత్రిక పడతాడు. జీలకర్ర బెల్లం పెట్టిన క్షణం నువ్వక్కడ లేకపోతే, "అయ్యా, ఇంకోసారి పెట్టండి" అని అడగగలవా? ముహూర్తం నీ కోసం ఆగదు. నీ జ్వరం కోసం ఆగదు, నీ ఇంట్లో చావు కోసం ఆగదు, పాడైపోయిన మెమరీ కార్డు కోసం ఆగదు. ఇంత గట్టి గడువున్న పనిని ఒక్క మనిషి, ఒక్క ఒంటితో చేస్తున్నాడంటే అది ఎంత సన్నటి తాడు మీద నడకో ఆలోచించు. నీకు పాతికేళ్ళు. ఒంట్లో బలం ఉంది కాబట్టి తాడు కనపడటం లేదు.

నాకు కనపడింది 1996 మాఘంలో. తెల్లవారుజామున 4 గంటల 20 నిమిషాలకు ముహూర్తం. ముందు రోజు రాత్రి ల్యాబ్ నుంచి స్కూటర్ మీద వస్తూ కాలవ గట్టు మలుపులో పడ్డాను. కుడి మణికట్టు విరిగింది. ఆసుపత్రిలో కట్టు కట్టేసరికి తొమ్మిది దాటింది. చేతిలో ఫ్లాష్ పట్టుకునే శక్తి కూడా లేదు. అడ్వాన్స్ తీసుకున్నాను, దాంతో రోల్సు కూడా కొనేశాను. మీ పిన్ని సంఘం కార్యదర్శి ఇంటికి ఫోన్ చేసింది. ఆయన ఎవర్ని పంపాడనుకున్నావు? మా ఎదురు షాపు ఆయన్ని. మా ఇద్దరికీ రెండేళ్ళుగా మాటల్లేవు. పాస్‌పోర్టు ఫోటోలు నాకన్నా తక్కువకి ఇస్తానని షాపు ముందు బోర్డు పెట్టాడని నాకు కోపం.

పది గంటలకి వచ్చాడు. నా చేతి వంక చూశాడు. "పెళ్ళికొడుకు వైపు ఎవరెవరు ముఖ్యం?" అని అడిగి కాగితం మీద రాసుకున్నాడు. నా అసిస్టెంట్‌ని వెంటబెట్టుకుని వెళ్ళాడు. మర్నాడు మధ్యాహ్నం ఆరు రోల్సు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు, ఏ రోల్‌లో ఏ తంతు ఉందో డబ్బాల మీద రాసి మరీ. వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, "వాళ్ళు కార్డు అడిగారు. నీ కార్డే ఇచ్చాను" అన్నాడు.

సంఘం అంటే నాకు ఆ మాట. బదులు వెళ్ళినవాడు తన విజిటింగ్ కార్డు జేబులోంచి తియ్యకూడదు. ఇది ఏ చట్టంలోనూ లేదు, మా సంఘం నియమావళిలో కూడా లేదు. అయినా అందరికీ తెలుసు. ఎవరైనా తప్పితే ఆదివారం మీటింగ్‌లో నలుగురూ అతని వైపు చూసే చూపు చాలు. డబ్బిచ్చి తెచ్చుకునే ఫ్రీలాన్సర్ నీకు ఎప్పుడైనా దొరుకుతాడు, కాదనను. కానీ మాఘంలో, మంచి ముహూర్తం రోజు, రాత్రి పదింటికి దొరకడు. దొరికినా ఎవరి కార్డు ఇస్తాడో నీకు తెలియదు.

ఇంకొకటి చెప్తాను. ఇది చెప్పడానికి మనసొప్పదు, అయినా చెప్పాలి. మాలో ఒకతను ఆషాఢంలో పోయాడు. నీకు తెలుసుగా, ఆషాఢం, మూఢాలు వస్తే మన ఇళ్ళల్లో డబ్బు గలగలలు వినపడవు. చేతిలో పైసా లేని సమయం. ఇంట్లో ఇద్దరు పిల్లలు. సభ్యులందరూ తలా కొంత వేసి ఇచ్చారు, అది ఎక్కడైనా చేస్తారు. నేను చెప్పేది తర్వాత జరిగినది. అతని హార్డ్ డిస్కులో నాలుగు పెళ్ళిళ్ళ డేటా ఉంది. ఆల్బమ్‌లు ఇవ్వలేదు, అడ్వాన్సులు తీసుకున్నాడు. పెళ్ళివాళ్ళు ఆ ఇంటి మీద పడకముందే నలుగురు సభ్యులు తలా ఒక పెళ్ళి తీసుకుని, ఫోటోలు ఏరి, డిజైన్ చేసి, కరిజ్మా ప్రింటు వేయించి, ఆల్బమ్‌లు ఇచ్చి, మిగతా డబ్బు వసూలు చేసి ఆవిడ చేతిలో పెట్టారు. కెమెరాలు, లెన్సులు అమ్మాల్సి వస్తే సెకండ్ హ్యాండ్ వాళ్ళు సగానికి సగం అడిగారు. ఆవిడకి ఏది ఎంత చేస్తుందో ఏం తెలుసు? మాలో ఇద్దరు కూర్చుని ఒక్కో వస్తువుకీ ధర కట్టి, సభ్యులకే అమ్మించారు. ఒక ఫోటోగ్రాఫర్ చనిపోతే అతను ఎక్కడ ఆపాడో అక్కణ్ణించి అందుకోవడం ఇంకో ఫోటోగ్రాఫర్‌కే చేతనవుతుంది. చుట్టాలకి దుఃఖం తెలుసు గానీ హార్డ్ డిస్కు తెలియదు.

ఆ ఏడాదే సభ్యులందర్నీ బ్యాంకుకి తీసుకెళ్ళి ప్రధానమంత్రి సురక్షా బీమా కట్టించాం. ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో పోతే ఇంటికి 2 లక్షలు. అర్ధరాత్రి రిసెప్షన్ నుంచి బైకు మీద నిద్ర కళ్ళతో వచ్చే బతుకు మనది. అది కట్టావా? కట్టలేదని నాకు తెలుసు. ఇరవై రూపాయలు లేక కాదు, ఎవరూ వెంటపడక. వెంటపడే మనుషులు ఉండటం కూడా ఒక లాభమేరా.

ఇక నీ కాలపు సంగతులు. నువ్వు తీసిన పెళ్ళికూతురి ఫోటో పెద్ద ఫ్లెక్సీ చేసి షాపు ముందు కట్టావు, చూశాను. బాగుంది. ఆ అమ్మాయిని అడిగావా? "తీసింది నేనేగా, ఫోటో నాదేగా" అంటావు. 1957 కాపీరైట్ చట్టం అలా అనదు. డబ్బు తీసుకుని, ఒకరు తియ్యమంటే తీసిన ఫోటోకి, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, మొదటి హక్కుదారు తియ్యమన్నవాళ్ళే. ఈ ముక్క నాకు ముప్ఫై ఏళ్ళు పనిచేశాక, సంఘం పిలిపించిన వకీలు చెప్తే తెలిసింది. అప్పుడే ఒక పేజీ ఒప్పంద పత్రం తెలుగులో రాయించుకున్నాం. తేదీ, ముహూర్తం, ఎన్ని గంటల పని, అడ్వాన్స్ ఎంత, పెళ్ళి ఆగిపోతే అందులో ఎంత తిరిగి ఇవ్వాలి, ఆల్బమ్ ఎన్ని షీట్లు, డేటా ఎన్నాళ్ళు దాస్తాం, ఫోటోలు బయట పెట్టుకోవడానికి ఒప్పుకుంటారా లేదా. అంతే. ఒంటరిగా నువ్వొక్కడివే ఆ కాగితం ముందు పెడితే పెళ్ళివారు "మా మీద నమ్మకం లేదా బాబూ" అని నొచ్చుకుంటారు. ఊళ్ళో స్టూడియోలన్నీ అదే కాగితం పెడితే పంతులుగారి లగ్నపత్రికలాగా సంతకం చేసి ఇచ్చేస్తారు.

డ్రోన్ కూడా కొంటానన్నావు. గన్నవరం దారిలో ఫంక్షన్ హాళ్ళు ఎన్ని ఉన్నాయో, వాటికి విమానాశ్రయం ఎంత దగ్గరో నీకు తెలుసు. 2021 డ్రోన్ నిబంధనల్లో ఆకాశాన్ని పచ్చ, పసుపు, ఎరుపు జోన్లుగా పంచారు. ఎక్కడ లేపవచ్చో డిజిటల్ స్కై మ్యాపులో చూసుకునే లేపాలి. 250 గ్రాములు దాటిన డ్రోన్‌తో డబ్బు తీసుకుని పనిచేస్తే పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. పెళ్ళికొడుకు స్నేహితులు "అన్నా, ఒక్కసారి పైకి లేపన్నా" అంటారు. పోలీసులు వచ్చాక ఆ అన్న వెనక ఒక్కడూ ఉండడు. ఇలాంటివి ముందే తెలిసినవాళ్ళు నలుగురు దగ్గరుంటే నీ డబ్బూ మిగులుతుంది, పరువూ మిగులుతుంది.

నేర్చుకోవడం మాటకొస్తే, నీకు యూట్యూబ్ ఉంది. మాకు డిజిటల్ వచ్చినప్పుడు అదీ లేదు. డార్క్ రూమ్‌లో హైపో వాసన మధ్య పెరిగినవాళ్ళం. నలభై దాటాక మౌస్ పట్టుకుంటే బాణం గుర్తు తెర అంతా పరుగెత్తేది. సంఘం పెట్టిన మూడు రోజుల తరగతిలో నాకన్నా ఇరవై ఏళ్ళు చిన్నవాడు ఫోటోషాప్ నేర్పాడు. సిగ్గు పడి ఇంట్లో కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరే షట్టర్లు దించేశారు. అంత పెద్ద కొడాక్ కంపెనీయే 2012లో దివాలా పిటిషన్ వేసింది, మనమెంత? మారిన కాలాన్ని ఎవరూ ఒంటరిగా మొయ్యలేరు. నీకు ఆ రోజు వచ్చేసింది కూడా. కంప్యూటరే ఫోటోలు పుట్టిస్తోందని నువ్వే భయపడ్డావుగా మొన్న.

ఆ దండ సంగతి కూడా చెప్పేస్తాను. 1839 ఆగస్టు 19న ఫ్రాన్స్ ప్రభుత్వం డాగురే ఫోటో తీసే పద్ధతిని బయటపెట్టి, ఎవరైనా వాడుకోండి అంది. ఊరికే కాదు, డాగురేకి జీవితాంతం పింఛను ఇచ్చి ఆ రహస్యం కొని లోకానికి పంచింది. ఇంగ్లండులో మాత్రం ఆయనే అంతకు ముందు పేటెంటు తీసుకున్నాడు, అది వేరే కథ. మనం దండ వేసేది ఒక మనిషికే కాదు, దాచుకున్న విద్య పదిమందిదైన రోజుకి. అక్కణ్ణించి పదిహేనేళ్ళకే, 1854లో, బొంబాయిలో ఫోటోగ్రాఫర్ల సంఘం పుట్టింది. 1856లో కలకత్తాలో, మన మద్రాసులో పుట్టాయి. మద్రాసు సంఘం వెనక ఉన్న అలెగ్జాండర్ హంటర్ అక్కడి కళల పాఠశాల పెట్టిన డాక్టరు. మన ఎండలకి రసాయనాలు ఎలా నిలుస్తాయో, గాజు పలకలు ఎలా ఆరబెట్టాలో ఏ ఒక్కడికీ పూర్తిగా తెలియని రోజులవి. ఒకరినొకరు అడిగి తెలుసుకోక తప్పలేదు. కెమెరా ఈ దేశానికి వచ్చిన కొద్దికాలానికే సంఘమూ వచ్చింది.

సంఘంలో అంతా తేనే పాలూ అని చెప్తే అబద్ధం. ఎన్నికలప్పుడు వర్గాలు ఉంటాయి. ఫ్లెక్సీలో తన బొమ్మ చిన్నదైందని అలిగేవాళ్ళు ఉంటారు. పదవి పట్టుకుని పదేళ్ళు వదలనివాళ్ళు ఉంటారు. అందుకే కళ్ళు మూసుకుని చేరమనను. రిజిస్ట్రేషన్ ఉందా, నియమావళి ఇస్తారా, ఏడాదికోసారి సర్వసభ్య సమావేశంలో లెక్కలు చదువుతారా, కట్టిన రూపాయికి రసీదు ఇస్తారా, ఇవి అడుగు. అడిగితే మొహం చిట్లించే సంఘంలో చేరకు. నచ్చిన సంఘం లేకపోతే పెట్టుకోండి. మన 2001 సొసైటీల చట్టం ప్రకారం ఏడుగురు కలిస్తే చాలు.

రేట్ల విషయంలో కూడా ఒక మాట. "ఇంతకు తగ్గితే జరిమానా, పక్క ఊరివాడు మన ఊళ్ళో పెళ్ళి తియ్యకూడదు" అని తీర్మానాలు చేసే సంఘాలు ఉన్నాయి. అటువైపు చెయ్యి ఎత్తకు. అలా ధరలు బిగించడం చట్టానికి విరుద్ధం. మందుల షాపుల సంఘాలకి కాంపిటీషన్ కమిషన్ జరిమానాలు వేసింది ఇలాంటి పనులకే. చట్టం సంగతి పక్కన పెట్టు, నువ్వు హైదరాబాదు వెళ్ళి తియ్యాలనుకుంటున్నావు కదా, అక్కడివాళ్ళు అదే మాట అంటే? ఒక పెళ్ళికి నీకు నిజంగా ఎంత ఖర్చవుతుందో, కెమెరా అరుగుదల, ప్రయాణం, అసిస్టెంట్ కూలి, ఆల్బమ్, నీ నిద్ర, అన్నీ లెక్క వేసుకోవడం నేర్పే సంఘం మంచిది. లెక్క తెలిసినవాడు తనంతట తనే తక్కువకి పోడు.

చేరాక మొదటి నెలే "నాకేం ఒరిగింది" అని చూడకు. నీ దగ్గర ఉన్నది పట్టుకెళ్ళు. నువ్వు వీడియోకి రంగులు అద్దే తీరు మా తరం వాళ్ళకి రాదు. ఒక ఆదివారం నేర్పు. రేపు నీకు ముహూర్తానికి మనిషి కావలసి వచ్చినప్పుడు వాళ్ళు గుర్తు పెట్టుకునేది చందా కాదు, ఆ ఆదివారం.

చివరగా ఒకటి. ఇన్నేళ్ళలో ఎన్ని పెళ్ళిళ్ళు తీశానో లెక్క లేదు. నేను కనపడే పెళ్ళి ఆల్బమ్ మాత్రం ఇంట్లో ఒక్కటే ఉంది, మీ అక్కది. కన్యాదానం చేసేవాడి చేతిలో కలశం ఉంటుంది గానీ కెమెరా ఉండదు కదా. ఆ పెళ్ళి తీసింది మా ఎదురు షాపు ఆయనే. డబ్బు ఇవ్వబోతే అప్పుడు విరిగిన నా మణికట్టు పట్టుకుని నవ్వాడు. ఆ ఆల్బమ్‌లో ఒక ఫోటో చూడు ఈసారి వచ్చినప్పుడు. అల్లుడి కాళ్ళు కడుగుతూ నేను అల్లుణ్ణి చూడటం లేదు. తల ఎత్తి పందిట్లో లైటు ఎటు నుంచి పడుతోందో చూస్తున్నాను. నా జీవితమంతా ఆ ఒక్క ఫోటోలో ఉంది. నేను తీసుకోగలిగేదా అది?

మీ అమ్మ సంబంధాలు చూస్తోందట. నీ పెళ్ళి నువ్వు తీసుకోలేవు అబ్బాయ్. ఆదివారం పదింటికి మీటింగ్. దరఖాస్తు ఫారం నా దగ్గరుంది, వచ్చి సంతకం పెట్టు. రసీదు మాత్రం అడిగి తీసుకో.