కెమెరా ఎవరిని చూస్తుంది?

అడవిలో జంతువులను చూడటానికి చెట్టుకు కట్టే కెమెరా ఒకటి కొందామని మన గూడేల్లో, పెంటల్లో చదువుకుంటున్న పిల్లలు అడుగుతున్నారు. మంచి కోరికే. మన పెద్దలు తడిమట్టిలో అడుగుజాడ చూసి, చెట్టు బెరడు మీద గోళ్ళ గీతలు చూసి ఏ జంతువు ఎటు పోయిందో చెప్పేవారు. ఆ చదువుకు కెమెరా తోడైతే మనకు మేలే.

ఉన్న కొద్ది డబ్బుతో ఏది కొనాలి? పెట్టె మీద పెద్దగా అచ్చువేసిన మెగాపిక్సెళ్లను నమ్మి కొనవద్దు. చవక కెమెరాల్లో చాలాసార్లు అది పెంచి చూపిన అంకె. వెచ్చని ఒళ్ళు కదలగానే ఎంత త్వరగా ఫొటో తీస్తుందో చూడాలి. ఆలస్యమైతే దుప్పి తోకే మిగులుతుంది. వాన నీరు లోపలికి పోకూడదు. బ్యాటరీలకు, మెమరీ కార్డుకు, తాళానికి కూడా డబ్బు ఉంచుకోవాలి.

రాత్రి ఫొటోలకు వాడే వెలుగు రెండు రకాలు. 850 నానోమీటర్లది సన్నగా ఎర్రగా మెరుస్తుంది. 940 నానోమీటర్లది మన కంటికి కనపడదు. జంతువు బెదరదు కనుక రెండోదే మేలంటారు. మన ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. జంతువును బెదరనీయని ఆ చాటుతనమే మనిషి విషయంలో మోసం కాదా? కట్టెలకో తునికాకుకో పోయిన మన అక్కకు, తనను ఫొటో తీశారని ఎట్లా తెలుస్తుంది?

ఇది ఉత్త అనుమానం కాదు. 2018 పులుల లెక్కలో దేశంలో 26,838 చోట్ల కెమెరాలు పెట్టారు. దాదాపు 3 కోట్ల 48 లక్షల ఫొటోలు వచ్చాయి. వాటిలో పులులవి 76,651. ఉత్తరాఖండ్‌లోని కార్బెట్ అడవి గురించి కేంబ్రిడ్జి పరిశోధకులు 2024లో ఒక అధ్యయనం ప్రచురించారు. కెమెరాల భయంతో అక్కడి ఆడవాళ్ళు అడవిలో పాడటం, గట్టిగా మాట్లాడటం తగ్గించారు. ఆ పాటలే ఏనుగుకు, పులికి మనిషి వస్తున్నట్టు తెలిపేవి. ఒక స్త్రీ ఫొటో వాట్సాప్‌లో కూడా తిరిగింది.

పులిని కాపాడాలి కదా అని అడగవచ్చు. కాపాడాల్సిందే. 2006 అటవీ హక్కుల చట్టం వన్యప్రాణులను, అడవిని కాపాడే అధికారాన్ని గ్రామసభకు కూడా ఇచ్చింది. అధికారం మన చేతికి వస్తే బాధ్యతా వస్తుంది. వేరేవాళ్ళు మనల్ని చాటుగా చూస్తే తప్పు, మనం మన అక్కచెల్లెళ్లను చూస్తే ఒప్పు అనలేం.

కనుక కొనేముందు గ్రామసభలో కూర్చుందాం. కెమెరా ఎక్కడ కట్టాలో ఆడవాళ్ళను అడుగుదాం. నీళ్ళరేవు దగ్గర, నడిచే బాట మీద వద్దంటే మానుకుందాం. కట్టినచోట అందరికీ కనపడేలా బోర్డు పెడదాం. ఫొటోను వెంటనే ఫోనుకు పంపే సిమ్ కెమెరా మనకు అక్కరలేదు. దాని ఖర్చూ ఎక్కువే, ఫొటో చేతులు మారడమూ తేలికే. కార్డులో మనిషి కనపడితే ఎవరు చెరిపేయాలో ముందే తేల్చుకుందాం. పులి కనపడితే ఆ చోటు ఎవరికీ చెప్పవద్దు, వేటగాడికి అదే దారి చూపుతుంది. అభయారణ్యంలో అయితే అటవీశాఖ అనుమతి తీసుకోవాలి.

ఈ మాటలు తేలాక ధర అడుగుదాం.