ఆ బస్సులో నర్సు లేకపోతే?



ఈ మధ్య మా విచారణలో ఒక కుటుంబం కృతజ్ఞతా దివ్యబలిపూజ చేయించుకున్నది. ఆ ఇంటి కోడలికి మొదటి కాన్పు పట్టణంలోని ఆసుపత్రిలో అయింది. రాత్రంతా, మరునాడు పగలంతా నొప్పులు పడింది. రెండవ కాన్పుకు కూడా కావలసినంత సమయం ఉంటుందని ఇంటివారందరూ అనుకున్నారు. డాక్టరమ్మ చెప్పిన తేదీకి ఇంకా రెండు వారాలున్నది. మగవాళ్ళు పత్తి చేనుకు పోయారు. సాయంత్రం నాలుగు గంటలకు ఆమె నడుము నొప్పి అన్నది. ఐదింటికి నిలబడలేకపోయింది. ఆరు గంటలు కాకముందే, 108 బండి ఊరి పొలిమేర చేరకముందే బిడ్డ పుట్టింది. దగ్గర ఉన్నది అత్తగారు, పొరుగున ఉండే ఆశా కార్యకర్త మాత్రమే. తల్లీబిడ్డలిద్దరూ క్షేమం.

పూజలో ప్రసంగిస్తూ నేను, "దేవుడే సమయానికి ఆశా కార్యకర్తను ఆ ఇంటికి పంపాడు" అన్నాను. అందరూ సంతోషించారు. పూజ అయిన తరువాత ఒక తల్లి మాత్రం గుడి తలుపు దగ్గర నిలబడిపోయింది. కొన్నేళ్ళ క్రితం ఆమె రెండవ బిడ్డ ఆసుపత్రికి పోయే దారిలో ఆటోలోనే పుట్టి, అక్కడే కన్నుమూసింది. "ఫాదర్, వాళ్ళింటికి మనిషిని పంపిన దేవుడు నా ఆటోలకు ఎందుకు పంపలే? నేనేం తప్పు జేసిన?" అని అడిగింది.

సెమినరీలో తత్త్వశాస్త్రం చదువుకున్న నాకు ఆ రోజు నోట మాట రాలేదు. ఆమె ప్రశ్న మన ఇండ్లలో చాలామంది మనసులో ఉన్నదే. అందుకే ఈ వారం దానిని గూర్చి మీతో కలిసి ఆలోచించాలనుకుంటున్నాను.

మన ప్రాంతంలో జరిగిన ఒక సంఘటన మీకు గుర్తుండే ఉంటుంది. 2024 ఆగస్టు 19, రాఖీ పండుగ రోజు. గద్వాల నుండి వనపర్తి పోయే పల్లెవెలుగు బస్సులో, సోదరులకు రాఖీ కట్టడానికి బయలుదేరిన ఒక గర్భిణికి నాచహల్లి దగ్గర నొప్పులు వచ్చాయి. మహిళా కండక్టరు వెంటనే బస్సు ఆపించింది. అదే బస్సులో ఒక నర్సు ప్రయాణిస్తున్నది. ఆమె, కండక్టరు కలిసి కాన్పు చేశారు. ఆడపిల్ల పుట్టింది. తరువాత తల్లీబిడ్డలను 108లో ఆసుపత్రికి చేర్చారు. ఆ నర్సు ఆ రోజు ఆ బస్సే ఎక్కడం కేవలం యాదృచ్ఛికమా, దైవసంకల్పమా?

పునీత తోమాసు అక్వీనాసు వారు 13వ శతాబ్దంలోనే ఇటువంటి ప్రశ్నకు ఒక ఉదాహరణ ఇచ్చారు. ఒక యజమాని ఇద్దరు సేవకులను, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా, ఒకే చోటికి పంపుతాడు. అక్కడ కలుసుకోవడం వారిద్దరికీ అనుకోని సంగతి. యజమానికి మాత్రం ముందే తెలిసిన సంగతి. ఈ లెక్కన నర్సు, గర్భిణి ఒకే బస్సు ఎక్కడం మనకు యాదృచ్ఛికమే, దేవునికి కాదు. కృతజ్ఞత చెప్పేవారికి ఈ మాట ఎంతో బలాన్నిస్తుంది.

కాని బిడ్డను పోగొట్టుకున్న తల్లి ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. బస్సుకు పంపిన యజమాని ఆటోకు ఎందుకు పంపలేదు?

దీనికి లోకం చెప్పే జవాబులు రెండు. ఒకటి, ఆమె ఏదో పాపం చేసి ఉంటుంది అనడం. ఈ జవాబును ప్రభువే త్రోసిపుచ్చాడు. సిలోయము బురుజు కూలి చనిపోయిన 18 మంది తక్కినవారికంటె పాపాత్ములు కారని ఆయన స్పష్టంగా చెప్పాడు. రెండవది, అంతా అదృష్టమే, దేవునికి సంబంధం లేదు అనడం. అది నిజమైతే మన కృతజ్ఞతా పూజలకు అర్థమే లేదు.

ఆదికాండములో మరొక రెండవ కాన్పు ఉన్నది. యాకోబు ప్రియభార్య రాహేలుకు మొదటి కుమారుడు యోసేపు. రెండవ కుమారునికి ఎఫ్రాతా దారిలోనే నొప్పులు వచ్చాయి. మంత్రసాని పక్కనే ఉండి ధైర్యం చెప్పింది. అయినా బిడ్డ బ్రతికి తల్లి మరణించింది. ఆమె పాపం చేసినందువల్ల మరణించిందని ఆ వృత్తాంతం చెప్పదు. మంత్రసాని ఉండి కూడా రాహేలు దక్కలేదు. కనుక మనుష్యుల సహాయం అందితే ప్రతి ప్రాణమూ నిలుస్తుందని చెప్పలేము. ఈ దుఃఖానికి పూర్తి జవాబు మన చేతిలో లేదు. ఉన్నదని చెప్పడం ఆ తల్లిని మళ్ళీ గాయపరచడమే.

అయితే మన చేతిలో ఉన్నది ఒకటున్నది. దేవుడు తన పాలనలో మనుష్యులకు కూడా భాగమిచ్చాడని అక్వీనాసు వారే బోధించారు. అది ఆయనకు శక్తి చాలక కాదు. ఇతరుల మేలుకు కారణమయ్యే గౌరవం మనకూ దక్కాలని. 2004–06లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లక్ష సజీవ జననాలకు 154 మంది తల్లులు మరణించేవారు. 2018–20 నాటికి తెలంగాణలో ఆ సంఖ్య 43. ఈ మధ్యకాలంలో దేవుని ప్రేమ పెరగలేదు, అది ఎప్పుడూ సంపూర్ణమే. 2005 ఆగస్టు 15న 108 బండ్లు మొదలయ్యాయి, ఆశా కార్యకర్తలు వచ్చారు, ఆసుపత్రి కాన్పులు పెరిగాయి. పంపేవాడు ఆయనే, పోవలసినవారు మనం.

ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి. ఆ తల్లికి నొప్పులు వచ్చిన రాత్రి విచారణ జీపు గుడి ఆవరణలోనే ఉన్నది. మొదటి కాన్పు ఆలస్యమైంది గదా, తెల్లవారి పోదామని వారు ఆగారు. ఆ తరువాత నడిరాత్రి ఫాదర్‌ను లేపడం బాగుండదని మొహమాటపడి ఆటో కోసం వెదికారు. ఆ మొహమాటం వారిలో కలిగేటట్లు నడుచుకున్నది నేనే. జీపు వెళ్ళి ఉంటే బిడ్డ బ్రతికేదా? నాకు తెలియదు. కాని ఆ రాత్రి దేవుడు పంపదలచిన సేవకుడు గురునివాసంలో నిద్రపోతున్నాడేమో! అది ఆమె తప్పు కాదు, నాది.

అందుచేత విచారణ కుటుంబాలకు నా మనవి. రెండవ కాన్పు సాధారణంగా మొదటిదానికంటె త్వరగా అవుతుంది. కొందరికి మూడు గంటలలోపే అయిపోతుంది. మొదటిదానిని చూసి లెక్క వేయకండి. దేవుడే చూసుకుంటాడని ఊరక కూర్చోవడం విశ్వాసం కాదు. నెలలు నిండకముందే డబ్బు, బట్టలు, బండి, తోడు వచ్చే మనిషిని సిద్ధం చేసుకోండి. నొప్పి అనగానే 108కు ఫోను చేయండి. దారిలో బిడ్డ పుడితే లాగవద్దు. పొడిబట్టతో తుడిచి, తల్లి రొమ్ముమీద పడుకోబెట్టి, ఇద్దరికీ కప్పండి. దొరికిన బ్లేడుతో బొడ్డు కోయకండి. అంతా బాగున్నా ఆసుపత్రికి తప్పక తీసుకుపోండి. బిడ్డ ప్రాణాపాయంలో ఉంటే ఎవరైనా నీళ్ళు పోసి, పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున జ్ఞానస్నానమియ్యవచ్చు. అది అందకుండా పోయిన పసిబిడ్డలను శ్రీసభ దేవుని కరుణకు అప్పగించి, నిరీక్షణతో ఉండమని మనకు చెబుతున్నది.

గత వారం ఆ తల్లి ఇంటికి వెళ్ళాను. "నీవు ఏ తప్పూ చేయలేదమ్మా" అని చెప్పి, జీపు సంగతికి క్షమాపణ అడిగాను. ఆమె చాలాసేపు ఏడ్చింది. తరువాత కండ్లు తుడుచుకొని, "జీపు నంబరు ఇయ్యుండ్రి ఫాదర్. మా చెల్లె బిడ్డకు నెలలు నిండినయ్" అన్నది.

ఇప్పుడు ఆ నంబరు గుడి తలుపుమీద పెద్ద అక్షరాలతో రాసి ఉన్నది. ఎలిశబేతమ్మ గర్భవతి అని తెలియగానే మరియమాత కొండసీమకు త్వరత్వరగా బయలుదేరింది. మనమూ ఆలస్యం చేయకుండా లేచే వరమును ఆ తల్లి మనకు వేడి ఇప్పించునుగాక.