కూడవెల్లి నుండి కూడవెల్లికి

ఒక పుష్యమాసపు ఉదయమున, అలంపురములో సంగమేశ్వరాలయపు గోడ వెలుపల సైకిళ్లను వేపచెట్టునకు ఆనించి, క్యారియరు మూటల త్రాళ్లు బిగించుకొనుచుండగా, నా మిత్రుడు నన్నొక ప్రశ్న యడిగెను. ఆ గుడి అక్కడ పుట్టినది కాదు. తుంగభద్ర వచ్చి కృష్ణలో కలియు కూడవెల్లి యను గ్రామమున, ఆ కలయికకు సాక్షిగా చాళుక్యుల నాడు వెలసిన దానిని, శ్రీశైలపు ఆనకట్ట నీరు ఆ చోటును ముంచివేయనున్నదని తెలిసినపుడు, రాయి రాయిగా విప్పి, మోసికొని వచ్చి, అలంపురమున ఉన్నదున్నట్లు మరల కూర్చిరి. రాళ్లవియే, శిల్పములవియే, స్వామి పేరును అదియే. "సంగమం నీళ్ల కిందనే ఉండిపాయె. సంగమం లేని సంగమేశ్వరుడు ఎవరికి ఈశ్వరుడైతడు?" అని అతడనెను.

నాకు వెంటనే ప్రత్యుత్తరము తోచలేదు. ఇప్పటికిని పూర్తిగా తోచినదని చెప్పజాలను. కాని ఆ ప్రశ్నను మూటలతో పాటు మోసికొని నాలుగు దినములు, మూడు వందల కిలోమీటర్లకు పైగా తొక్కితిమి.

మేము చేరవలసిన చోటును మరియొక కూడవెల్లియే. సిద్దిపేట జిల్లాలో తొగుట సీమ మీదుగా పారి, రామలింగేశ్వరుని గుడిని ఒరసికొని పోయి, ఎగువ మానేరులో కలియు వాగును జనులు కూడవెల్లి వాగందురు. కూడలి యన్నను కూడవెల్లి యన్నను నీరు నీటిని కలిసికొను తావని గదా అర్థము. కృష్ణాతీరపు కూడవెల్లి శ్రీశైలపు జలాశయమున మునిగినది. ఈ రెండవ కూడవెల్లి వాగు పారు ప్రాంతముననే, తొగుట కొండపాక మండలముల యందలి ఎనిమిది గ్రామములు మన కాలముననే మల్లన్నసాగరమను జలాశయము క్రిందికి పోయినవి. నా మిత్రుడు తొగుట ప్రాంతపు బడులలో కొన్నేండ్లు పంతులుగా నుండి, ఆ గ్రామముల పిల్లలకు ఎక్కములు చెప్పినవాడు. బస్సులో పోయిన ఒక పూటలో తేలిపోవు దారిని సైకిలు మీదనే పోవలెనని పట్టుబట్టినవాడును అతడే. మునిగిన యూరి నుండి మునిగిన యూరికి నడుమ నున్న నేల నంతయు ఒంటితో తెలిసికొనవలెనని అతని కోరిక.

కఠోపనిషత్తు శరీరమును రథముతో పోల్చినది. ఆత్మ రథికుడు, బుద్ధి సారథి, మనస్సు కళ్లెము, ఇంద్రియములు గుఱ్ఱములు. ఆ పోలిక యందలి గాంభీర్యమునకు నేనెన్నడును తల వంచియే యున్నాను. అయినను దానిలో రథికుడు సుఖాసీనుడై పోవుటయు, అలసట యంతయు గుఱ్ఱముల పాలగుటయు నాకేదో వెలితిగనే తోచెడిది. సైకిలెక్కిన వానికి ఆ విభాగము లేదు. ఎక్కినవాడే గుఱ్ఱము, ఎక్కినవాడే సారథి. పోవువానికిని మోయువానికిని ఎడమే లేదు. బీచుపల్లి యొద్ద ఆంజనేయునికి మ్రొక్కి వంతెన మీదుగా కృష్ణను దాటి ఉత్తరమునకు మరలినది మొదలు నేల యెట్లు మెల్లమెల్లగా పైకి లేచుచున్నదో కన్ను కనిపెట్టకమునుపే తొడలు కనిపెట్టినవి. కారులో పోవువానికి అద్దము వలె చదునుగా తోచు ఆ దారి, మోకాలినడిగిన చదును కాదనును. పైగా ఆ మాసమున ఈశాన్యపు గాలి ముఖమునకు ఎదురుగా వీచును. ఒకరు ముందు పోయి గాలిని చీల్చుటయు, రెండవవారు వెనుక చక్రమునంటి ఆ చాటున ఊపిరి పీల్చుకొనుటయు, అరగంటకొకసారి మారుటయు మాకలవాటైనది. ముండకోపనిషత్తున ఒకే చెట్టు మీద చెలిమితో నున్న రెండు పక్షులలో ఒకటి పండు తినును, రెండవది చూచుచుండును. మా యిద్దరిలో ముందు పోవుటకు వంతు వచ్చినవాడు దారిని చూడలేకపోయెను. వెనుక నున్నవాడే కంది చేలను, ఎండిన కుంటలను, గట్టు మీద పిల్లవాడు విసరిన రాయిని చూచెను. ఒకడే రెండు పక్షులును కాగలడా యను సందేహము నాకప్పుడు కలిగినది. కాగలడని ఋషి యనును, కాని స్నేహితుడు తోడున్నప్పుడు అది కొంత సులభము.

కొత్తకోట దాటిన పిమ్మట తుమ్మముల్లు నా వెనుక టైరున దిగినది. రోడ్డు ప్రక్కన రేకుల పందిరి క్రింద ఒక ముసలాయన, టైరును రెండు ఇనుప పట్టీలతో ఊడదీసి, ట్యూబును బయటికి లాగి, గాలి కొట్టి, సొట్టలు పడిన తట్టలోని నీటిలో కొంచెము కొంచెముగా ముంచుచు త్రిప్పుచుండెను. నీరు మురికిది, అతని వ్రేళ్లకు నల్లని జిగురు అంటియున్నది. కొంతసేపు ఏమియు లేదు. తరువాత ఆవగింజంత బుడగ యొకటి, దాని వెనుక నొకటి, దారమునకు గ్రుచ్చినట్లు పైకి వచ్చినవి. అతడు అక్కడ బొటనవ్రేలు పెట్టి పట్టుకొని, "గాలి కనబడదు సారూ, పోయే తావే కనబడ్తది" అనెను. ఆ చోటును ఆకురాయితో గీకి, సొల్యూషను పూసి, ఊది, రబ్బరు ముక్క అంటించి, సుత్తితో రెండు దెబ్బలు కొట్టెను. అతడు తన పనిని గూర్చియే చెప్పినాడు. నేను మాత్రము ఆ మాటను ఇప్పటికిని విడువలేకున్నాను.

జడ్చర్లయు షాద్‌నగరును దాటి, మహానగరమును ప్రక్క నుండి చుట్టుకొని పోయిన దినమును గూర్చి చెప్పదగినది లేదు. పొగ త్రాగితిమి, అంతే. శామీర్‌పేట దాటి రాజీవ్ రహదారి పట్టిన పిదప మనసు కుదుటబడినది.

నాల్గవనాడు గజ్వేలులో, ముంపు గ్రామముల వారికై కట్టిన కాలనీలో ఆగితిమి. వీధులు తీరుగా నున్నవి, ఇండ్లు పక్కావి, గోడలకు రంగులున్నవి. ఈ మాట న్యాయముగా చెప్పవలెను. ఒక యింటి యరుగు మీద చింతపండు గింజ తీయుచున్న ముసలమ్మ నా మిత్రుని వంక కొంతసేపు చూచి, "మా మనుమనికి ఎక్కాలు జెప్పిన సారువు గాదు నువ్వు?" అని లేచి నిలుచున్నది. ఆమెది ఏటిగడ్డ కిష్టాపూరు. మజ్జిగ ఇచ్చినది. మాటల మీద, "బొడ్రాయిని మళ్ల నిలుపుకున్నం. పోశమ్మకు గుడి గట్టుకున్నం. ఆడిబిడ్డలను బిలిచి పండుగ జేసినం. వాగునెట్ల దెచ్చుకుంటం సారూ?" అనెను. ఏడ్చుచు అనలేదు. గింజ తీయుచునే అన్నది.

బొడ్రాయి యనగా ఊరికి నాభి. ఊరు పుట్టిన నాడు నడుమ పాతిన రాయి. దాని పండుగకు ఆ యూర పుట్టి యెక్కడికో కాపురమునకు పోయిన ఆడపడుచులెల్లరు తిరిగి రావలెను. దేవుని తరలించుటకు మనకు శాస్త్రము కలదు. ఆగమజ్ఞులు కళాకర్షణ మొనర్చి, విగ్రహము నందలి తేజస్సును కలశోదకమునకు దింపి, తాత్కాలికమగు బాలాలయమున నిలుపుదురు. యాదగిరిగుట్టలో 2016 మొదలు 2022 మార్చి వరకు భక్తులు నరసింహస్వామిని బాలాలయముననే సేవించిరి. ఒక చెంబెడు నీటిలో దేవుడు ఇముడును. నాభిశిలను మరల పాతవచ్చును. కాని వాగును, వాగు ఒడ్డున తాత తవ్విన బావిని, బావి గట్టున మామిడిచెట్టు నీడ మధ్యాహ్నము ఎంత దూరము వచ్చునో ఆ కొలతను ఆకర్షించుటకు ఏ యాగమమునను మంత్రము లేదు. ఏటిగడ్డ యను పేరు మాత్రము ఆమెతో పాటు గజ్వేలునకు వచ్చినది. ఏరును గడ్డయు రాలేదు.

మన భాషలో క్షేత్రమను మాటకు అర్థములు మూడు. పైరు పండు చేను క్షేత్రము. యాత్రికుడు పోవు పుణ్యస్థలము క్షేత్రము. గీత పదమూడవ అధ్యాయమున భగవానుడు ఈ శరీరమునే క్షేత్రమనెను. ఇవి వేరు వేరు అర్థములని నేను చిన్ననాటి నుండి నమ్మియుంటిని. ఎత్తు మీద కన్నులలోనికి కారు చెమటను తుడుచుకొనుటకైనను చేయి తీయలేని వేళ, మూడింటిని కలుపు నీరు ఆ చెమటయే యని నాకు తోచినది. ఎవని చెమట యే నేల మీద ఏండ్ల తరబడి పడినదో ఆ నేల వాని ఒంటిలో చేరును. వానికి అదియే చేను, అదియే కాశి. అట్టివాని నుండి నేలను వేరుచేయుట ఆస్తిని వేరుచేయుట యని వ్రాసికొను కాగితము సత్యమును సగమైనను చెప్పదు.

ఇక్కడ వేదాంతి అడ్డుపడి, క్షేత్రము పోయినను క్షేత్రజ్ఞుడు పోడు, తెలిసికొనువాడు నీట తడియడు అనును. మాట సత్యమే. నేను దానిని నమ్మినవాడనే. కాని ఆ యరుగు మీద, ఆ చింతపండు చేట యెదుట, నాకది నోట రాలేదు. రాకుండుటయే మంచిదని నేటికిని నా నిశ్చయము. వైరాగ్యము ఒకడు తనకు తాను చెప్పికొనవలసినది. ఒకడు పోగొట్టుకొన్నప్పుడు వేరొకడు వానికి చెప్పినచో అది వైరాగ్యోపదేశము కాదు, వాని నోరు మూయుట. ముంపు గ్రామముల వారిని గూర్చి త్యాగధనులను మాటను సభలలో పలుమారు వింటిమి. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా యెదుట వెదిరె రామచంద్రారెడ్డి లేచి నిలిచి నూరెకరములు ఇచ్చెను; ఆ చేతికి త్యాగమను మాట తగును, ఏలనన అడిగినప్పుడు ఇయ్యకుండుటకును ఆయనకు స్వేచ్ఛ యుండెను. వేములఘాటు వారు తమ యూరు పోరాదని 2016 నుండి వందలాది దినములు రిలే నిరాహారదీక్షలు చేసిరి. ఇయ్యనని అన్ని దినములు కూర్చున్నవారి నష్టమునకు త్యాగమని పేరు పెట్టుట, వారికి మిగిలిన ఒక్క సొత్తును, అనగా తమ దుఃఖమును తమ మాటలలో చెప్పుకొను హక్కును, కూడ తీసికొనుట యగును.

గీతలోనే నాకొక ఆధారము దొరకినది. క్షేత్రమున ఏమేమి కలవో లెక్కించుచు భగవానుడు పంచభూతములను, ఇంద్రియములను చెప్పి ఊరకుండలేదు. ఇచ్ఛను, ద్వేషమును, సుఖమును, దుఃఖమును కూడ క్షేత్రములోనే చేర్చెను. అనగా ఆ ముసలమ్మ దుఃఖము ఆమె చేనునకు వెలుపలి వస్తువు కాదు, ఆ చేనులో భాగము. మునుగక మిగిలిన భాగము. గాలి కనబడదు, పోయే తావే కనబడునని కొత్తకోట ముసలాయన అన్నది ఇక్కడికి వచ్చి నాకు పూర్తిగా తెలిసినది. క్షేత్రజ్ఞుడెవడో శాస్త్రము చదివినన్నాళ్లు నాకు కనబడలేదు. వాగును ఎట్లు తెచ్చుకొందుమని అడిగిన కంఠములో కనబడెను.

మధ్యాహ్నము తొగుట మండలమున మల్లన్నసాగరపు కట్ట క్రింద సైకిళ్లు దిగితిమి. సముద్రమట్టమునకు నూరు మీటర్ల యెత్తున మేడిగడ్డ వద్ద గోదావరిని పట్టి, అంచెలంచెలుగా పంపులతో తోడి, 557 మీటర్ల మట్టమునకు చేర్చి, యాబది టీఎంసీల నీరు నిలుపునట్లు కట్టిన జలాశయమిది. 2022 ఫిబ్రవరి 23న ఆరంభమైనది. ఎత్తెక్కుట యెంతటిదో తొడలకు తెలిసిన నాలుగవ దినమున ఆ యంకెలు నాకు అంకెలుగా తోచలేదు. ఈ నీటిని నేను నిందింపను. ఎక్కడనో వేరొకని చేను దీనితో పచ్చబడును. వాడును క్షేత్రము కలవాడే. కాని ఆ పచ్చదనమునకు ఇచ్చిన వెల యెవరిదో తెలిసియుండుట తినువాని ధర్మము.

జలాశయమునకు పెట్టినది కొమురవెల్లి మల్లన్న పేరు. సంక్రాంతి నుండి ఉగాది వరకు ఆయన సన్నిధిని ఒగ్గువారు నేల మీద రంగుల పొడులతో పట్నము వేసి, మేడలమ్మ కేతమ్మల కథ పాడి, పూజ ముగియగానే ఆ పట్నము చెరిగిపోవ విడుతురు. చెరుగుట యెరిగిన దేవుడు మా మల్లన్న. అయినను ఆ పట్నమును వేసిన చేతులే చెరుపును. మరల వేయుటకు నేల మిగిలియుండును.

నా మిత్రుడు చాలసేపు నీటి వంక చూచి, ఒకచోటికి వ్రేలు చూపి, "మా బడి ఆడ" అనెను. అలంపురమున అతడడిగిన దానికి అప్పుడు నేను చెప్పగలిగినంత చెప్పితిని: సంగమమును కన్నులార చూచినవారు ఉన్నంత కాలము, చూచినవారి నోట విన్నవారు ఉన్నంత కాలము, సంగమేశ్వరుడు వారికి ఈశ్వరుడు. అతడు అవునని గాని కాదని గాని అనలేదు. ప్రొద్దు వాలకమునుపే రామలింగేశ్వరుని గుడి చేరి, కూడవెల్లి వాగులో కాళ్లు కడుగుకొంటిమి.

మల్లన్నసాగరము చూడబోవు పాఠకులకు ఒక మనవి. కట్ట మీదికి పోవుటకు ముందు గజ్వేలు కాలనీలో ఒక గడియ ఆగుడు. ఎవరి యరుగు మీదనైనను కూర్చుండి, ఏ యూరమ్మా మీదని అడుగుడు. ఏటిగడ్డ కిష్టాపూరు, వేములఘాటు, పల్లెపహాడు, లక్ష్మాపూరు, రాంపూరు, బ్రాహ్మణ బంజేరుపల్లి, సింగారము, ఎర్రవల్లి. ఈ యెనిమిదింటిలో ఒక పేరు చెప్పుదురు. తొందరపడక, వారు చెప్పినంతసేపు వినుడు.