వితంతువు వ్యాజ్యం



లూకా సువార్త 18వ అధ్యాయంలోని వితంతువుకు వకీలు లేడు. అన్యాయపు న్యాయాధిపతి గుమ్మం చుట్టూ తానే తిరిగింది. మన గోపాల్‌పేటలో భర్త పోయిన సోదరి, పొలం పాలివాళ్ల చేతిలోకి జారిపోతూంటే, "ఫీజు ఎక్కడ తేను?" అని ఊరుకోనక్కరలేదు. 1987 నాటి న్యాయసేవల చట్టం 1995 నవంబరు 9న అమలులోకి వచ్చింది. దాని 12వ సెక్షను ప్రకారం, వ్యాజ్యంలో పస ఉంటే, ఏ స్త్రీకైనా ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. కోర్టు ఫీజు కూడా వారే భరిస్తారు. పిల్లలకు, వికలాంగులకు, జైలులో ఉన్నవారికి కూడా అంతే.

షెడ్యూల్డు కులాలవారికీ ఈ సాయం ఉంది. అయితే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు దళిత క్రైస్తవులను ఆ జాబితాలో చేర్చలేదు గనుక, మన పురుషులు తక్కువ ఆదాయం చూపించి అడగవలసిందే. ఇది న్యాయమా? కాదనే నా అభిప్రాయం. స్త్రీలకు మాత్రం ఈ చిక్కు లేదు.

పునీత ఈవో (1253–1303) బ్రిటనీలో పేదల పక్షాన సొమ్ము పుచ్చుకోకుండా వాదించాడు. ఆయన చేసినది దయాకార్యం. మీరు అడిగేది రాజ్యాంగం 39ఎ అధికరణం ప్రభుత్వానికి అప్పగించిన పని. కనుక చేతులు కట్టుకొని బతిమాలవద్దు. వనపర్తి కోర్టులోని న్యాయసేవా సంస్థకు తెల్లకాగితం మీద రాసివ్వండి. రాయడం రాకపోతే నోటితో చెప్పండి, వారే రాసుకుంటారు. 15100కు ఫోను చేసినా దారి చెబుతారు. నోటీసు అందిన వారంలోనే వెళ్లండి. గడువు తప్పితే ఎంత మంచి వకీలుకైనా కష్టమే.