రాని విద్య నభ్యసింపవచ్చునా?

తనకు నైపుణ్యము కలుగదని యెఱిగియు నొక కళను అభ్యసించుట యుచితమా, కాదా? ఈ ప్రశ్న మాకు గ్రంథములలో దొరికినది కాదు. నలువదిమూడవయేట, బడినుండి వచ్చిన పిమ్మట, పెరటి వసారాలో నొక మట్టికుండను ఎదుట నుంచుకొని దానిని కాగితముమీద వ్రాయబోగా, ఆరవమారును దాని మూతి వంకరపోయినపుడు పుట్టినది. కుండమూతి గుండ్రనిదని మన కందఱకును తెలియును. తెలియుటచేతనే గుండ్రముగా వ్రాయుదుము. కంటికి కనబడునది మాత్రము సన్నని దీర్ఘవృత్తము. ఎదుట నున్నదానిని విడిచి, ఎఱిగియున్నదానిని వ్రాయుట యెంత బలమైన యలవాటో పెన్సిలు పట్టువఱకు మాకు తెలియలేదు. ఇరువదియేండ్లుగా "చక్కగా పరిశీలింపుడు" అని పిల్లలకు చెప్పుచు వచ్చినది మేమే!

మిత్రులు కొందఱు నవ్విరి. ఈ వయస్సున నేర్చి యేమి సాధింతురని యడిగిరి. మఱికొందఱు ఓదార్పుగా రవీంద్రనాథుని పేరు చెప్పిరి. ఆయన అఱువదియేండ్లు దాటిన పిమ్మటనే చిత్రలేఖనమును పట్టుదలతో చేపట్టెననుటయు, 1930లో పారిసు నగరమున ఆయన చిత్రములు ప్రదర్శింపబడెననుటయు నిజమే. తన వ్రాతప్రతులలో కొట్టివేసిన పదములను కలుపుచు గీసిన గీతలనుండియే ఆ చిత్రములు పుట్టెను. కాని యా యుదాహరణము మాకు పనికిరాదు. అప్పటికే యొక కళలో సిద్ధహస్తుడైనవాడు మఱియొక కళలో ప్రవేశించుట వేఱు. ఏ కళలోను ప్రవేశము లేనివాడు ముదిమి మొదట కుంచె పట్టుట వేఱు. గొప్పవారి నడ్డము పెట్టుకొని మన కొఱతను కప్పుకొనుట మర్యాద కాదు.

మన పూర్వులలో వృత్తిగా గాక చిత్రములు వ్రాసినవారు లేకపోలేదు. వాత్స్యాయనుడు అరువదినాలుగు కళలలో ఆలేఖ్యమును చేర్చెను. నాగరకుని శయనాగారమున చిత్రఫలకమును కుంచెల పెట్టెయు నుండవలెననెను. ఆ గ్రంథమునకు వ్యాఖ్య వ్రాసిన యశోధరుడు రూపభేదము, ప్రమాణము, భావము, లావణ్యయోజనము, సాదృశ్యము, వర్ణికాభంగము అని చిత్రమునకు ఆరంగములను చెప్పెను. అయితే ఆ నాగరకుడు తీరిక గల ధనికుడు. నెలజీతముతో సంసారము నడపు మనవంటివారికి అతడు ప్రమాణము కాజాలడు. ఇంటి పనులు మిగిలియుండగా, ఖరీదైన రంగుల గొట్టములు కొని, గంటలకొలది ఒంటరిగా కూర్చుండుట స్వార్థము కాదా యని మా గృహిణి యడిగినపుడు మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. ఆమె ప్రతిదినము తెల్లవారుజామున వాకిట ముగ్గు పెట్టును. దానిని ఎవరును కళాభ్యాసమనరు, దానికై యామెకు తీరిక నిచ్చువారును లేరు. ఆ దినమునుండి సాయంకాలపు వంటలో సగము మాదైనది. ఇది ఆ ప్రశ్నకు పూర్తి సమాధానము కాదని యెఱుగుదుము.

ఇక సాధనముల మాట. పెన్సిలు దయ గలది, తుడిచివేయవచ్చును. నీటిరంగులో ఆ దయ లేదు. అందు వెలుగు రంగువలన గాక కాగితపు తెలుపువలన కలుగును. వెలుగుండవలసిన చోటును ముందే యెఱిగి, దానిని ముట్టక విడువవలెను. తొందరపడి కప్పితిమా, ఆ తెలుపు మరల రాదు. మేము పాడుచేసిన కాగితములలో ఎక్కువ వానికి కారణము చేసిన పని కాదు, చేయక యాగవలసినచో ఆగలేకపోవుటయే. తైలవర్ణము దీనికి విరుద్ధము. అవిసెనూనె నీటివలె ఆవిరియై పోదు. గాలిలోని ప్రాణవాయువుతో కలిసి కొన్ని దినములకు గట్టిపడును. ఈలోపల గీకవచ్చును, మార్చవచ్చును, ఎండిన పిమ్మట మీద వేఱొకటి వ్రాయవచ్చును. మేము తప్పులను కప్పుకొని మొదట మిక్కిలి సంతోషించితిమి. పిదప నొక సంగతి చదివితిమి: ఏండ్లు గడచినకొలది తైలవర్ణపు పొర పారదర్శక మగుచుండును. ఐరోపాలోని పాత చిత్రములలో, చిత్రకారుడు మార్చి కప్పిన చేయియో ముఖమో శతాబ్దముల తరువాత మీది రంగుగుండ మెల్లగా కనబడుటకు ఇదియే కారణము. అది చదివిన రాత్రి మాకు చాలసేపు నిద్ర పట్టలేదు. ఎందులకో ముందు చెప్పెదము.

అభ్యాసమువలన కలిగిన స్పష్టమైన లాభ మొకటి కలదు. కొన్ని యేండ్లక్రింద శ్రీకాళహస్తిలో నొక కలంకారీ వస్త్రమును కొనబోయి, ధర యెక్కువయని బేరమాడితిమి. కరక్కాయయు పాలును కలిపిన ద్రవములో బట్టను తడిపి యెండబెట్టుదురనియు, చింతపుల్లను కాల్చిన బొగ్గుతో మొదట రేఖలు గీయుదురనియు, పిదప ఇనుమును బెల్లమును పులియబెట్టిన ద్రవమును వెదురు కలముతో దిద్దుదురనియు అప్పుడే వింటిమి. ఆ ద్రవము కరక్కాయ పట్టిన బట్టను తాకగనే నల్లబడును. ఆ గీతను మరల తీయుట యుండదు. విన్నను మాకు తెలియలేదు. మా చేతితో సిరాగీత యొకటి జానెడు దూరము వణకక లాగ చూచిన పిమ్మట తెలిసినది. మరల పోయినపుడు చెప్పిన ధర యిచ్చితిమి. శిల్పులు జీవనము గడవక చేతిపని విడుచుచుండగా ఉద్యోగస్థులకు చిత్రలేఖన మొక విలాసమా యనువారికి మే మింతమాత్రము చెప్పగలము.

ఇక ఆ రంగులపెట్టె మాది కాదు. అది మా యమ్మాయిది. పదునాలుగేండ్ల ప్రాయమున అది చేతికందిన ప్రతి కాగితముమీదను బొమ్మలు వ్రాయుచుండెడిది. పదవతరగతి సమీపింపగా మేమొకనాడు, "దీనివలన ఏమి వచ్చునమ్మా? నీవేమైన రవివర్మ వగుదువా?" అంటిమి. కోపముతో గాదు, నవ్వుచునే యంటిమి. అది మాఱుమాటాడక పెట్టెను అటక యెక్కించెను. నాలుగేండ్ల తరువాత, అది కాలేజీ వసతిగృహమున నుండగా, వేఱేదియో వెదకుచు మేము దానిని దింపితిమి. సగము గొట్టములు గట్టిపడియుండెను.

శాకుంతలము ఆఱవ యంకమున దుష్యంతుడు శకుంతల చిత్రమును వ్రాసికొని చూచుట మేము పిల్లలకు పలుమారులు బోధించితిమి. అది విరహవర్ణన మనియే చెప్పుచుంటిమి. ఎదుటికి వచ్చి నిలిచినపుడు కాదని పంపిన రాజు, ఇపుడు ఆమె ముఖమందలి ప్రతి రేఖను వెదకి చూడవలసివచ్చెననియు, ఆశ్రమమున ఏమేమి వ్రాయ మిగిలెనో లెక్కించుకొనవలసివచ్చెననియు మాకు తట్టలేదు. ఆ చిత్రము ఉత్తమమా అధమమా యని యడుగుట యచట అప్రస్తుతము.

మొన్న సెలవులకు అమ్మాయి వచ్చి, మా కుండ చిత్రమును చాలసేపు చూచినది. బంధువులవలె బాగున్నదనలేదు. "నీడంటే నలుపు కాదు నాన్నా. గోడ రంగే అక్కడ కొంచెం చల్లబడుతుంది, అంతే" అన్నది. ఒకమారు వేసి చూపుమని కుంచె నందించితిమి. చేతిలోనికి తీసికొని, వ్రేళ్లతో కుచ్చును సరిచేసి, "ఇప్పుడు నాకు చేయి తిరగదు నాన్నా" అని తిరిగి యిచ్చి లోనికి పోయినది. ఆ సాయంకాలము మేము పెట్టెను అటక యెక్కింపక, వసారాలో బల్లమీద, మూత తీసి యుంచితిమి.