పంక్తి లేని భోజనము



ఒంటరితనము ఆయువును హరించునా? ఈ ప్రశ్నకు చీమ చెప్పెడు సమాధానము వినదగినది.

స్విట్జర్లాండు దేశమందలి లోజాన్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు గండుచీమల కోవకు చెందిన ఒక జాతిపై చేసిన పరిశోధన 2015లో వెలువడినది. గుంపుగా ఉంచిన చీమలు సుమారు 66 దినములు జీవించగా, ఒంటరిగా ఉంచినవి సుమారు 6 దినములకే మరణించినవి. వానికి ఆహారము కరవు కాలేదు. గుంపులోని వానితో సమానముగనే తినినవి. అయితే చీమకు రెండు ఉదరములు కలవు. మొదటి దానిలోని ఆహారమును నోటితో తోడివారికి పంచును. రెండవ దానిలో తాను జీర్ణించుకొనును. ఒంటరి చీమ తినినది మొదటి ఉదరముననే నిలిచిపోయినది. పంచుకొన తోడు లేని అన్నము తనకును ఒంటబట్టలేదు!

అరకు ప్రాంతమున పెట్టెలలో పెంచెడు తేనెటీగలను చూడుడు. రాణియు, శ్రామికయు ఒకే విధమైన గ్రుడ్డు నుండి పుట్టినవే. పోషణభేదము చేతనే ఒకటి రాణి యగుచున్నది. పూలకాలపు శ్రామిక కొలది వారములు మాత్రమే బ్రతుకును. దినమునకు వందల గ్రుడ్లు పెట్టెడు రాణి సంవత్సరముల తరబడి జీవించును. సంతానభారము పెక్కు ప్రాణుల ఆయువును తగ్గించును. రాణికి మాత్రము ఆహారమును, రక్షణయు సంఘమే సమకూర్చుచున్నది.

పుట్టుక వలన గొప్పతనము రాదని బసవేశ్వరుడు 12వ శతాబ్దముననే బోధించెను. అయితే తేనెపట్టున శ్రామికకు తన బ్రతుకును ఎన్నుకొను స్వేచ్ఛ లేదు. కల్యాణమందలి అనుభవమంటపమున మడివాళ మాచయ్య, హరళయ్య వంటి కాయకజీవులు స్వేచ్ఛగా వచ్చి సమానులై కూర్చుండిరి. కీటకమునకు స్వభావమైనది శరణునకు వ్రతము. అదియే దాసోహము.

విశాఖలో 1933లో రేవు ప్రారంభమైనది. 1992లో ఉక్కు కర్మాగారము జాతికి అంకితమైనది. పని కొరకు పల్లెలు విడిచి వచ్చి, ఇచ్చటనే వృద్ధులైన వారెందరో కలరు. బిడ్డలు దూరదేశములలో నున్నారు. నెలనెలా ధనము వచ్చుచున్నది. ఆ యిండ్లలో బియ్యమునకు కొదవ లేదు, పంక్తికే కొదవ. చీమకు పట్టిన గతియే మనుష్యునకును పట్టునని చెప్పుట కాదు. కాని అన్నము పంపినంత మాత్రమున దాసోహము పూర్తి కాదని ఆ చిన్న ప్రాణి తెలుపుచున్నది.

కావున పొరుగున నున్న ఒంటరి వృద్ధులను ఇష్టలింగపూజకు పిలువుడు. ప్రక్కన కూర్చుండి ప్రసాదము స్వీకరింపుడు. పిల్లలకు వచనములు నేర్పెడు కాయకమును వారికి అప్పగింపుడు. పెట్టించుకొనుట మాత్రమే కాక, పెట్టుట కూడ వారికి కావలెను.